ఇరవై మూడో నంబరు స్వెట్టర్

మా ఒకటో క్లాసు టీచరమ్మ గురించి చెప్పాలంటే ముందు చలికాలం గురించి చెప్పాలి. మిగతా ఏడాదంతా ఆవిడ మామూలు మనిషే. చలి మొదలైందంటే మాత్రం ఆవిడకీ నాకూ పిచ్చెక్కడం ఒక్కటే తక్కువ. నేను ఆ క్లాసు ఆయాని. ఇద్దరం ఒకే ఏడాది ఈ బడిలో చేరాం, ఆవిడ సుద్దముక్క పట్టుకుని, నేను చీపురు పట్టుకుని. ఇరవై ఎనిమిదేళ్ళయింది. నా నోరు మంచిది కాదని బడంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ముప్పై ఎనిమిది మంది ఆరేళ్ళ పిల్లలకి రోజూ కోట్లు విప్పి, మళ్ళీ తొడిగి చూస్తే వాళ్ళ నోళ్ళు ఎంత మంచివో బయటపడుతుంది.

లెక్క చెప్తా వినండి. ఒక్కొక్కరికి ఒక మంకీ క్యాపు, ఒక మఫ్లరు, రెండు గ్లౌజులు, స్కూలు స్వెట్టరు, దాని మీద కోటు, ఆ కోటుకి జిప్పు. ఆ జిప్పు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, దొరికితే ఒక్క రోజు మా క్లాసులో కూర్చోబెట్టాలి. సగం దాకా వచ్చి బిగుసుకుంటుంది. పైకి రాదు, కిందికి పోదు. లోపల పిల్లాడు ఊపిరి బిగబట్టి "ఆయమ్మా, పొట్ట పట్టుకుంది" అని ఏడుస్తుంటాడు. ఇవన్నీ విప్పి కొక్కేలకి తగిలించేసరికి మొదటి పీరియడు సగం అయిపోతుంది. అప్పుడు ఒకడు చిటికెనవేలు చూపిస్తాడు. ఒక్కడు చూపిస్తే చాలు, అందరికీ వచ్చేస్తుంది. బాత్రూము చూస్తే ఆవరణకి అవతల చివర. మళ్ళీ కోట్లు, మళ్ళీ క్యాపులు, మళ్ళీ జిప్పులు. ఈ మధ్యలో ఎక్కడో చదువు చెప్పాలి!

అయినా ఆవిడ చెప్పేది. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆవిడ కుర్చీలో కూర్చోగా నేను చూసింది తక్కువ. టీ తెచ్చి బల్ల మీద పెడితే చల్లారిపోయి మీగడ కట్టాక గుర్తొచ్చేది. రోజుకి ఎనిమిదిసార్లు తలలు లెక్కపెట్టేది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఒకసారి ఇద్దరం బస్సెక్కితే ఎక్కినవాళ్ళని ఎక్కినట్టు లెక్కపెట్టి, "ఇద్దరు తగ్గారే" అని కంగారుపడింది. ఇల్లంటే చెల్లెలి ఇల్లే. వాళ్ళమ్మాయి, "పెద్దమ్మా, నన్ను మీ క్లాసు పిల్లలా కూర్చో, లే అనకు" అని దెబ్బలాడేదట. ఎవరేమన్నా నవ్వేసే మనిషి. ఒక్క విషయంలో మాత్రం నవ్వేది కాదు. "నా చేతి కింద ఉన్న పిల్ల సంగతి నాకు తెలీదా?" అనేది. తెలుసు కూడా. ఎవడు పొద్దున ఏమీ తినకుండా వచ్చాడో, ఎవరింట్లో రాత్రి గొడవైందో మొహం చూసి చెప్పేసేది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ మాట తప్పుకాలేదు. అదే మా కొంప ముంచింది.

ఇక ఆ నంబర్ల సంగతి. స్కూలు స్వెట్టర్లన్నీ ఒకటే రంగు, ఒకటే అల్లిక. సాయంత్రం గేటు దగ్గర రోజూ రభసే. "మా వాడిది కొత్తది, ఈ పాతదెవరిది?" అని ఒకావిడ, "మా అమ్మాయి స్వెట్టరు ఇంకెవరో వేసుకుపోయారు" అని ఇంకొకావిడ. టీచరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక శని, ఆదివారాలు కూర్చుని తెల్లగుడ్డ ముక్కల మీద ఎర్రదారంతో హాజరుపట్టీ నంబర్లు కుట్టి, ముప్పై ఎనిమిది స్వెట్టర్లకీ ఎడమవైపు గుండె మీద అతికించింది. వేళ్ళ చివర్లన్నీ సూదిపోట్లు. ఆ పని అయ్యాక గొడవ ఆగింది. ఇంకో అలవాటు కూడా వచ్చింది. మంకీ క్యాపుల్లో పిల్లలందరూ ఒకేలా ఉంటారు కదా, రెండు కళ్ళూ ఒక ముక్కూ. అందుకని చలికాలమంతా పేర్లు పోయి నంబర్లే మిగిలాయి. "పదకొండూ, ముక్కు తుడుచుకో. ముప్పై రెండూ, వాడి చెవి వదులు."

పద్నాలుగో నంబరు వాడికి నేను పెట్టిన పేరు గలగల. బట్టలకొట్టు ఆయన కొడుకు. పొడుగ్గా, ఏపుగా ఉంటాడు. పుస్తకం తెరిస్తే చాలు, కళ్ళు మూసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గడగడా అప్పజెప్పేస్తాడు. ఎవరైనా పెద్దవాళ్ళు క్లాసుకి వస్తే టీచరమ్మ వాడినే లేపేది. ఇరవై మూడు మా పిచిక. పిడికెడంత పిల్ల. తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, పొద్దున్నే పనికి పోవాలి, అందుకని పిల్లని గేటు తీయకముందే దింపేసి వెళ్ళేది. పిచిక నోట్లో నాలుక లేదు. చదవమంటే లేచి నిలబడేది, పుస్తకం మీద వేలు పెట్టేది, పెదాలు కదిపేది, శబ్దం వచ్చేది కాదు. మొదట్లో టీచరమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని ఓపిగ్గా అడిగేది. చలి ముదిరాక అంత తీరికెక్కడిది? ఆ పిల్ల వంతు వచ్చేసరికి గంట కొట్టేసేవాళ్ళు. "నువ్వు రేపు చదువు తల్లీ" అనేది. ఆ రేపు రానేలేదు. నాలుగు వారాలయ్యేసరికి ఇరవై రెండు తర్వాత ఇరవై నాలుగు చదవడం అందరికీ అలవాటైపోయింది. నాక్కూడా.

ఏటా నట్టనడి చలికాలంలో విద్యాశాఖ ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చి ఒకటో క్లాసుకి చదువు పరీక్ష పెడుతుంది. ఎండ వచ్చాక పెట్టండి బాబూ అని టీచరమ్మ ఎన్ని ఉత్తరాలు రాసిందో, ఒక్కదానికి జవాబు లేదు. చదవలేనివాళ్ళని ఏడాది చివరిదాకా వెనక గదికి పంపిస్తారు. వెనక గదంటే ఐదేళ్ళ పిల్లల గది. బంకమట్టితో బొమ్మలు చేసుకుంటూ, మధ్యాహ్నం చాపల మీద పడుకుంటారు. పిచిక తమ్ముడు అందులోనే ఉన్నాడు. పరీక్ష సంగతి విన్న రోజున ఆ పిల్ల నా కొంగు పట్టుకుని లాగింది.

"ఆయమ్మా, రాకపోతే నేను తమ్ముడి పక్కన కూర్చోవాలా?" అని అడిగింది.

"అలా ఎందుకవుతుందే? నోరు తెరిచి చదువు, అంతే" అన్నాను.

"వాడు అందరికీ చెప్పేస్తాడు, అక్క మా క్లాసే అని" అంది.

పరీక్ష రోజు పొద్దున సన్నగా జల్లు పడుతోంది. మా హెడ్మాస్టరుగారికి ఆఫీసు మేడమ్ ముందు ప్రార్థన దర్జాగా కనబడాలట. కోట్లు విప్పించి, యూనిఫామ్ కనపడేలా పిల్లల్ని ఆవరణలో నిలబెట్టాడు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను, వినలేదు. స్వెట్టర్లన్నీ తడిసి ముద్దయ్యాయి. క్లాసులోకి తెచ్చి విప్పించి, హీటరు ముందు బెంచీల మీద ఆరబెట్టాను. గదంతా తడి ఉన్ని వాసన. పిల్లలు చొక్కాలతో గజగజలాడుతూ ఒకరినొకరు వాటేసుకుని కూర్చున్నారు. ఇంకా గంట టైముంది కదా అనుకున్నాను. అంతలో తలుపు దగ్గర మేడమ్! "నాకు ఇంకో బడికి వెళ్ళాలండీ, ముందే మొదలుపెట్టేద్దాం. నంబరు వరసన పంపించండి" అంది. పక్కన హెడ్మాస్టరు చేతులు తిప్పుతూ, "త్వరగా, త్వరగా" అని ఒకటే నస.

ఒళ్ళు మండిపోయింది. అయినా ఏం చేస్తాం? సగం ఆరిన స్వెట్టర్లు తీసి, చేతికందినవాడికి చేతికందినట్టు తొడిగేశాను. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. కొందరివి సరిచేశాను కూడా. పిల్లలు వరండాలో వరసకట్టాక చూస్తే, పిచిక ఒంటి మీద పద్నాలుగు ఉంది. చేతులు స్వెట్టరు లోపలే మాయమైపోయాయి. గలగల ఒంటి మీద ఇరవై మూడు, మోచేతుల దాకా వచ్చి ఆగింది. పరుగెత్తబోయేసరికి వరస మధ్యలో ఒకడు భళ్ళున వాంతి చేసుకున్నాడు. వాడిని కడిగి, నేల తుడిచి, వాడికి బట్టలు మార్చి వచ్చేసరికి పిచికా, గలగలా ఇద్దరి పరీక్షా అయిపోయింది. కోట్లు వేసుకుని గేటు దగ్గరున్నారు. పరీక్ష స్టోర్‌రూములో జరిగింది, లోపల మేడమ్, పిల్లలు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. మేడమ్‌కి పేర్లతో పని లేదు. గుండె మీద నంబరు చూసుకోవడం, మార్కు వేసుకోవడం.

నేను టీచరమ్మకి చెప్పలేదు. భయమేసింది. ఇద్దరూ ఎలాగో గట్టెక్కుతారేమోలే అని దేవుడికి దండం పెట్టుకుని ఊరుకున్నాను.

నాలుగు రోజులకి కాగితం వచ్చింది. వెనక గదికి పంపాల్సినవాళ్ళు నలుగురు. అందులో పద్నాలుగు ఉంది, ఇరవై మూడు లేదు. టీచరమ్మ చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"పద్నాలుగా? గలగలా? వాడికి రాకపోవడమేమిటి? పిచిక పాసవడమేమిటి?" అంది.

అప్పుడు నోరు విప్పక తప్పలేదు. స్వెట్టర్ల సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "అదా సంగతి! నాకు మతిపోయిందేమో అనుకున్నాను" అని పెద్దగా ఊపిరి వదిలింది. తర్వాత ఆ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"చెప్పకుండా ఊరుకుంటే పిచిక బతికిపోతుంది" అంది మెల్లగా.

"ఊరుకోండి టీచరమ్మా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"మరి వాడో? తప్పు మనది, శిక్ష వాడికా?" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. ఆయన ఆఫీసుకి ఫోన్ చేశాడు, వాళ్ళు గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. కాగితం మీద పద్నాలుగు కొట్టేసి ఇరవై మూడు రాశారు. పక్కన ఆవిడా సంతకం పెట్టింది, సాక్షిగా నేనూ పెట్టాను.

పిచికకి ఆవిడే చెప్పింది, ఒళ్ళో కూర్చోబెట్టుకుని. ఆ పిల్ల అంతా విని, "నేను చదివాను టీచర్" అంది. దాని నోట్లోంచి అంత స్పష్టంగా మాట రావడమే గొప్ప. టీచరమ్మ తల నిమిరి, "అవునమ్మా, చదివావు. అయినా ఇంకా రాలేదు కదా? ఫర్వాలేదు. వచ్చే ఏడు బ్రహ్మాండంగా చదువుతావు" అంది. పిచిక పెన్సిలు, పలక, నీళ్ళసీసా తనే సంచిలో సర్దుకుంది. ఆ సంచి నేనే మోశాను. వెనక గది తలుపు తీయగానే తమ్ముడు చాప మీంచి లేచి, "మా అక్కొచ్చింది, మా అక్కొచ్చింది" అని గెంతాడు. వాడి సంతోషం చూస్తే వాడి వీపు మీద ఒక్కటి వేయాలనిపించింది. పాపం వాడేం చేశాడు?

సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది, చేతికి ఇస్త్రీ మచ్చలతో. "కాగితంలో పాసైందట, ఇప్పుడు కాదంటున్నారు. నా పిల్లతో బంతాట ఆడుతున్నారా?" అని నిలదీసింది. టీచరమ్మే ఆవిడ చేతులు పట్టుకుని, తప్పంతా తనదే అని చెప్పింది.

ఆ పై వారం, మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళ, వెనక గదిలో ఒకడి జిప్పు ఇరుక్కుందని పిలిస్తే వెళ్ళాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. పిచిక తమ్ముడి పక్కన బోర్లా పడుకుని, ఎవరిదో ఒక కథల పుస్తకం పెట్టుకుని, గుసగుసగా చదువుతోంది. బొమ్మలు చూసి చెప్పడం కాదు. వేలు పెట్టి, ఒక్కో మాటా విడదీసి, తప్పొస్తే వెనక్కి వెళ్ళి దిద్దుకుని చదువుతోంది. ఆ పుస్తకం మా క్లాసులో లేనే లేదు.

దగ్గర కూర్చుని, "ఒసే పిచికా, నీకు చదవడం వచ్చా?" అన్నాను.

అది చప్పున పుస్తకం మూసేసింది. "పరీక్షలో చదివాను కదా" అంది.

"అప్పుడు నీ మీద పద్నాలుగు కదే ఉంది!"

"అది వాడిది. నా దానికి కింద గుండీ ఉండదు. వరండాలోనే మార్చేసుకున్నాం" అంది, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు. "చేతులు బయటికి రాలేదు, చదవడానికిచ్చే కార్డు పట్టుకోవాలిగా."

పరుగున పోయి గలగలని పట్టుకున్నాను. వాడు మొదట బెదిరి, తర్వాత వెక్కుతూ చెప్పేశాడు. స్వెట్టర్లు మార్చుకున్న మాట నిజం. కార్డు మీద ఉన్నది కొత్త కథ. వాళ్ళమ్మ చదివించిన కథ కాదు. వాడికి ఒక్క ముక్క తెలియలేదు. పుస్తకంలో కథ అప్పజెప్పమంటారా అని మేడమ్‌ని అడిగాడట. ఆవిడ వద్దందట. ఏడాదంతా మేము చప్పట్లు కొట్టింది వాడి జ్ఞాపకానికి!

వెళ్ళి టీచరమ్మకి అంతా చెప్పాను. సరైన కాగితాన్ని తీసుకెళ్ళి, పనిగట్టుకుని తప్పు చేయించి వచ్చాం ఇద్దరం, సంతకాలు కూడా పెట్టి. పరీక్షలో నీ ఒంటి మీద ఏ నంబరుందని ఆ పిల్లనే ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగాలని ఆవిడకి తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆ పిల్లకి రాదని మాకు తెలుసు కదా మరి! నా మీద నాకే ఎంత కోపం వచ్చిందంటే, చేతిలో ఉన్న బకెట్టు తీసి గోడకేసి కొట్టాను.

ఆవిడ అప్పటికప్పుడు హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. ఆయన తల పట్టుకున్నాడు.

"మొన్న మీరేగా మార్చమన్నది? ఇవాళ మళ్ళీ మార్చమంటారు. ఆఫీసువాళ్ళు నన్ను చూసి నవ్వరా?" అన్నాడు.

"నా తప్పని రాసిస్తాను సార్. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే. పిల్ల మాత్రం నా క్లాసుకి రావాలి" అంది టీచరమ్మ.

ఆయన కాసేపు పెన్ను తిప్పుకున్నాడు. ఎంత కసురుకున్నా చెడ్డ మనిషి కాదు. "సరే, ఒక పని చేద్దాం. పిల్లని తీసుకురండి. నా ముందు నాలుగు లైన్లు చదివితే ఆఫీసుకి నేనే చెప్పుకుంటాను, ఇవాళే మీ క్లాసులో కూర్చోబెడతాను. చదవకపోతే ఇక ఈ విషయం నా దగ్గరికి తేవద్దు" అన్నాడు.

నేను ఎగురుకుంటూ వెళ్ళి పిచికని తీసుకొచ్చాను. దారిలో చెప్పాను, నాలుగు లైన్లే, తమ్ముడికి చదివినట్టే చదివేయ్ అని. హెడ్మాస్టరు తన సొరుగులోంచి ఒక కార్డు తీసి దాని చేతికిచ్చాడు. టీచరమ్మ పక్కన నిలబడి, "చదువు తల్లీ" అంది. పిచిక కార్డు చూసింది. కళ్ళు ఒక లైను మీద ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. మొదటి లైను, రెండో లైను. లోపల చదువుతోంది. పైకి చదవదేం!

కార్డు తీసి బల్ల మీద పెట్టేసింది. "నాకు రాదు సార్" అంది.

"ఎవరన్నారే రాదని? ఇందాక నేను విన్నాను కదే!" అని అరిచేశాను.

"టీచర్ చెప్పారు" అంది పిచిక.

హెడ్మాస్టరు టీచరమ్మ వైపు చూశాడు. ఆవిడ మోకాళ్ళ నొప్పి మనిషి, బల్ల అంచు పట్టుకుని మెల్లగా కిందికి వంగి, ఆ పిల్ల ముందు నేల మీద కూర్చుంది. "నేను తప్పు చెప్పానమ్మా. నీకు వచ్చు. నీకు చాలా బాగా వచ్చు" అంది.

పిచిక ఆవిడ మొహంలోకి అలాగే చూసింది. దానికి కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరి నన్నెప్పుడూ అడగలేదేం టీచర్?"

హెడ్మాస్టరు ఇంకో రెండు నిమిషాలు చూసి, గడియారం వైపు చూసి, కార్డు సొరుగులో పెట్టేశాడు. పిచికని వెనక గదికి నేనే నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. చలికి దాని చెయ్యి మంచుముక్కలా ఉంది.